అమ్మ చేతి నీళ్లు

హామిల్టన్
23 ఏప్రిల్ 2006

ప్రభక్కా,

నువ్వూ, లవ్లీ, అల్లుడూ క్షేమమని తలుస్తాను. లవ్లీకి కాళ్ల వాపులు తగ్గాయా? ఇక్కడ మా ఇంట్లో మాత్రం ఒక్కరి ఒళ్లూ సరిగ్గా లేదు.

ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటి అనుకోకు. మా ఫోను హాల్లో ఉంది, దాని పక్కనే సోఫాలో అమ్మ ఉంటుంది. అమ్మ గురించి అమ్మ ముందే ఏం మాట్లాడను? చర్చి నుంచి వచ్చి, అన్నాలు తిని అందరూ కాస్త ఒరిగారు. నేను గరాజ్‌లో కారులో కూర్చుని రాస్తున్నాను. నలభై ఏళ్లొచ్చాక అమ్మకి తెలియకుండా ఉత్తరాలు రాసే యోగం పట్టింది నాకు.

మార్చిలో మా పిల్లాడు ఇవాన్‌తో మొదలైంది. మూతి చుట్టూ పొక్కులు లేచి, చితికి, పైన తేనె ఎండినట్టు పసుప్పచ్చగా పక్కు కట్టాయి. ఇక్కడ వీటిని స్కూల్ సోర్స్ అంటారు. బడి పిల్లల్లో ఒకళ్ల నుంచి ఒకళ్లకి పాకుతాయి. పక్కులు ఎండేదాకా పంపొద్దని టీచరు ఇంటికి పంపేసింది. వాడికి తగ్గిందనేసరికి మీ మరిది ఫ్రెడ్రిక్‌కి తొడ మీద సెగ్గడ్డ. ఈ ఊళ్లో పాలు కావాలన్నా కారెక్కాలి కదా, పాపం ఒక పక్కకి ఒరిగి డ్రైవ్ చేస్తున్నాడు. అది చీము కారి మానేసరికి నా కుడిచేతి బొటనవేలికి గోరుచుట్టు. చీము పట్టిన వేలితో పేషెంట్లను ముట్టుకోకూడదు కాబట్టి వార్డులో నన్ను ఇంటికి పొమ్మన్నారు. ఇలా నన్ను పంపేయడం ఇది రెండోసారి. ఇంట్లో కూర్చుంటే, "ఇదంతా నీ హాస్పిటల్ నుంచి నువ్వు మోసుకొచ్చిందే" అని ఫ్రెడ్రిక్ అన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

అమ్మేమో వేడి చేసిందంటుంది. మామిడికాయ పచ్చడి మానమంటుంది. ఈ పొగమంచులో వేడెక్కడిదమ్మా అంటే వినదు. తనకీ చంకలో గడ్డ లేచింది. ఉల్లిపాయ కాల్చి కట్టుకుని, నాకు చూపించకుండా తిరుగుతోంది. కొంగు జారినప్పుడు నేనే చూశాను.

ఇది స్టాఫ్ అనే బాక్టీరియా పని అని డాక్టరు అన్నారు. ముగ్గురు మనుషుల్లో ఒకరి ముక్కులో ఇది ఊరికే కాపురం ఉంటుందట. వాళ్లకి ఏమీ చేయదు. ముక్కు నుంచి చేతికి, చేతి నుంచి ఇంకొకరి ఒంటికి చేరి, అక్కడ చిన్న గీరుడు దొరికితే దిగుతుంది. ఇంట్లో ఇలా మళ్లీ మళ్లీ వస్తోందంటే ఎవరి ముక్కులోనో ఉండి ఉంటుందని అందరికీ పుల్లతో ముక్కు తుడిచి టెస్టుకి పంపారు.

నేను అడిగేది ఒక్కటే. లవ్లీ పురుడుకి నీ దగ్గరికి రావడానికి అమ్మకి మే ఇరవైకి టికెట్ కొన్నావు కదా. ఆ రిపోర్టులు వచ్చి, అమ్మ గడ్డ మానేదాకా ఒక రెండు మూడు వారాలు వెనక్కి జరుపుదామా? పుట్టబోయేది పసిగుడ్డు. ఆలోచించి చెప్పు.

నీ చెల్లెలు
శిరోమణి


డునెడిన్
1 మే 2006

సిరీ,

నీ ఉత్తరం చదివినప్పట్నుంచి నాకు ఒళ్లంతా దురద పెడుతోంది. అంతకు మించి జబ్బేం లేదు, దేవుడి దయ.

రెస్ట్‌హోమ్‌లో ఈ వారం ఇద్దరు వంటవాళ్లు మానేశారు. అరవైమంది ముసలాళ్లకి బంగాళాదుంపలు చెక్కు తీసి తీసి నా చేతులు కట్టెలయ్యాయి. ఇంటికొస్తే చలి, మే అంటే ఇక్కడ చలికాలం మొదలు కదా. హీటర్ ముందు కూర్చుని, నీకు గట్టిగా జవాబు రాయాలని రాయకుండా నిద్రపోవడం, ఇదే పని. ఇవాళ రాస్తున్నాను.

అమ్మని పంపడం ఇష్టం లేకపోతే ఇష్టం లేదని చెప్పు. పుళ్ల మీద పెట్టకు. నాకు తెలియదా? ఇవాన్‌ని బడి నుంచి తెచ్చేది అమ్మ, నువ్వు షిఫ్ట్ నుంచి వచ్చేసరికి వేడివేడిగా వండి పెట్టేది అమ్మ. అమ్మ ఈసారి వచ్చిన ఏడాదిగా ఆ సుఖం మరిగావు. తప్పు లేదు, నేనైనా మరుగుతాను. కానీ అమ్మ నీ ఒక్కదానికే అమ్మ కాదు.

సెగ్గడ్డలు మనకి కొత్తా? వేసవికాలం మన పేటలో గడ్డ లేవని పిల్లాడున్నాడా? నీ వీపు మీద మచ్చ ఇప్పటికీ ఉంది కదా. అప్పుడెవరూ ముక్కులో పుల్ల పెట్టలేదు. నర్సువి కాబట్టి నీకు అన్నీ పురుగులే కనపడతాయి.

నిన్నూ నన్నూ సరే, మన పేటలో పుట్టిన సగం మందికి మొదటి నీళ్లు పోసింది అమ్మే. కాళ్లు చాపుకుని కూర్చుని, బిడ్డని ఆ కాళ్ల మీద పడుకోబెట్టి, నూనె పట్టించి, సున్నిపిండి రుద్ది, వేణ్ణీళ్లు పోసి, ముక్కులో ఉఫ్ అని ఊది, తుడిచి పడుకోబెడితే పూటంతా కదిలేవారు కాదు. లవ్లీకి అమ్మే పోసింది. నీ ఇవాన్‌కి పోయడానికి విమానమెక్కి వచ్చింది. లవ్లీకి తెలుగు సగం మర్చిపోయిందేమో గానీ, "అమ్మమ్మ చేతే బాత్ పోయించాలి" అని పెళ్లైన దగ్గర్నుంచీ అంటోంది.

మీ బావ పోయాక ఈ ఇంట్లో జరుగుతున్న మొదటి శుభం ఇది. నాకు అమ్మ కావాలి సిరీ. టికెట్ మార్చను.

ప్రభావతి


హామిల్టన్
12 మే 2006

అక్కా,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. చదివి మడత పెట్టి, మళ్లీ చదివాను. కోపం వచ్చింది. తర్వాత కోప్పడే ఓపిక కూడా లేకపోయింది. అమ్మ వండిపెడుతుందన్నది నిజమే. అందుకని అమ్మని పట్టుకుని కూర్చున్నానంటే మాత్రం నాకు బాధగా ఉంది. ఇంత చదువు చదివి నేను చెప్పే మాట మా అక్కకి సాకులా వినపడింది. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. మన ఇంట్లో ఎప్పుడూ చెప్పేదాన్నే నేను, లోకువా నేనే.

రిపోర్టులు వచ్చాయి. నా ముక్కులో లేదు. ఇన్నేళ్ల నర్సు ముక్కు శుభ్రంగా ఉందని డాక్టరు నవ్వారు. ఫ్రెడ్రిక్‌కి లేదు, ఇవాన్‌కి లేదు. అమ్మ ముక్కులో ఉంది.

ఆ సాయంత్రం ఫ్రెడ్రిక్ నా దగ్గరికొచ్చి సారీ అన్నాడు. నాకు సంతోషం అనిపించలేదు. నింద నా మీద ఉన్నప్పుడే నయం అనిపించింది.

అమ్మకి నిజం చెప్పలేదు. హీటర్ గాలికి ముక్కు ఎండిపోతోందమ్మా, ఈ మందు రాయాలి అన్నాను. ఐదు రోజులు, ఉదయం సాయంత్రం, దూది పుల్లతో రెండు ముక్కుల్లోనూ రాయాలి. పసిపిల్లలా తలెత్తి కూర్చుంటుంది. "నాకు నువ్వు పెళ్లికూతురి ముస్తాబు చేస్తన్నావే" అంది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మందు వాసన అని చెప్పాను.

ముక్కు మందు ఆమె బయలుదేరేలోపు అయిపోతుంది గానీ, చంకలో గడ్డ పూర్తిగా మానదు. టికెట్ మార్చనన్నావు కాబట్టి ఈ నాలుగు మాటలైనా విను. గడ్డ మీద ఎప్పుడూ ప్లాస్టర్ ఉండాలి. బిడ్డని ఎత్తుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అది అమ్మకే కాదు, నీకూ, లవ్లీకీ, అందరికీ. అమ్మ తువ్వాలు వేరుగా పెట్టు, బాగా వేడినీళ్లలో ఉతుకు. గడ్డ మానేదాకా నీళ్లు లవ్లీయో నువ్వో పొయ్యండి. ఆ ముక్కులో ఊదడం మాత్రం ఎప్పటికీ వద్దు, ఎవరూ ఊదొద్దు.

లవ్లీకి నువ్వే చెప్పు. అమ్మకి నువ్వు చెప్తావో, నేను వచ్చి చెప్పాలో నాకు తోచడం లేదు.

శిరోమణి


డునెడిన్
13 జూన్ 2006

సిరీ,

మనవరాలు పుట్టిందని ఫోనులో చెప్పాను కదా. ఫేబీ అని పెట్టారు. తర్వాత జరిగింది ఫోనులో చెప్పలేదు. ఇప్పుడు నా వంతు వచ్చింది, అమ్మ హాల్లో ఉంది, నేను లాండ్రీ గదిలో వాషింగ్ మెషిన్ మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను.

నీ మాట వినలేదు. ముందే చెప్తున్నాను, తిట్టాలనుకుంటే తిట్టు. బిడ్డ హాస్పిటల్ నుంచి వచ్చిన మర్నాడు అమ్మే నీళ్లు పోసింది. బాత్రూమ్ టైల్స్ మీద తువ్వాలు పరుచుకుని, కాళ్లు చాపుకుని కూర్చుంది. డెబ్బై దాటిన మనిషికి ఆ కాళ్లల్లో అంత బలం ఎక్కడ్నుంచి వచ్చిందో! లవ్లీ తలుపు దగ్గర నిలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నీ నాలుగు మాటలు నాకు గుర్తే లేవు. ఊదింది కూడా.

వారం తిరక్కుండా పిల్ల మెడ ముడతల్లో చీముపొక్కులు లేచాయి, తొడ సందుల్లో కూడా. చెమటకాయలేమో అనుకున్నాను. ఇంటికొచ్చే మిడ్‌వైఫ్ చూసి, వెంటనే ఫోన్ తీసింది. ఆ సాయంత్రానికి హాస్పిటల్లో ఉన్నాం. ఆ చిట్టి చేతికి సూది గుచ్చి డ్రిప్ పెట్టారు. చెయ్యి కదపకుండా అట్టముక్క కట్టారు.

"ఇంట్లో ఎవరికైనా గడ్డలున్నాయా" అని డాక్టర్ అడిగాడు. లవ్లీ అది తెలుగులో చెప్పింది. అమ్మ చెయ్యి పైకెత్తి, జాకెట్ పక్కకి లాగి, అంతమందిలో చంక చూపించింది. "నాకుందయ్యా" అంది. అప్పుడు నేను అందరి ముందూ నీ ఉత్తరంలో ఉన్నదంతా చెప్పేశాను, ముక్కు సంగతితో సహా. అమ్మ నా వంక చూసింది. అంతే.

పిల్ల ఇప్పుడు ఇంటికొచ్చేసింది. బాగుంది, పాలు తాగుతోంది, నువ్వు కంగారుపడకు. కానీ సిరీ, నువ్వు ఇంకా గట్టిగా చెప్పాల్సింది. నాలుగు మాటలంటూ మెత్తగా రాశావు. పిల్ల ప్రాణం మీదకొస్తుందని రాస్తే నేను వినేదాన్ని కాదా?

ఇప్పుడు మాత్రం నా జాగ్రత్తకి వంక పెట్టలేవు. అమ్మకి అన్నీ వేరు చేశాను. తువ్వాలు వేరు, పడక వేరు, కంచం వేరు, గ్లాసు వేరు. కలిసిపోకుండా గ్లాసుకి లవ్లీ నెయిల్ పాలిష్‌తో ఎర్రచుక్క పెట్టాను. కిటికీ దగ్గర కుర్చీ వేశాను, అక్కడే కూర్చుంటుంది, పిల్ల దగ్గరికి రాదు. నేను చెప్పకముందే దూరంగా జరుగుతోంది. ఒక్క మాట అనలేదు. అమ్మ అర్థం చేసుకుంది. నువ్విక నిశ్చింతగా పడుకో.

పొయ్యి మీద కూర ఉంది, ఉంటాను.

ప్రభ


హామిల్టన్
17 జూన్ 2006

ప్రభక్కా,

ముందు పిల్ల సంగతి. దేవుడికి వందనాలు. నిన్ను తిట్టను. అది అమ్మ నుంచే వచ్చిందని ఎవరూ చెప్పలేరు. నీ ముక్కులో ఉందో, లవ్లీ ముక్కులో ఉందో, పిల్లని చూడ్డానికొచ్చి బుగ్గలు పుణికిన చర్చి ఆంటీల చేతుల్లో ఉందో ఎవరికి తెలుసు? మీ ఎవరి ముక్కూ ఎవరూ చూడలేదు. ఒక్క అమ్మదే చూశారు కాబట్టి ఒక్క అమ్మే దొరికింది. ఈ మాట లవ్లీకి చెప్పు.

ఇంకా గట్టిగా చెప్పాల్సింది అన్నావు. నిజమేనేమో. ఎంత గట్టిగా చెప్తే ఎవరు వింటారో నాకిప్పటికీ తెలియదు. వార్డులోనూ ఇదే పని, ఇంట్లోనూ ఇదే పని. అలిసిపోయాను అక్కా.

ఇప్పుడు చెప్పేది గట్టిగా చెప్తున్నాను. ఆ గ్లాసు తీసెయ్.

గురువారం అమ్మతో ఫోనులో మాట్లాడాను. ఎలా ఉన్నావమ్మా అంటే, "బానే ఉన్నానమ్మా. నా మూల నాకుంది, నా గ్లాసు నాకుంది" అంది. అప్పటికి నీ ఉత్తరం రాలేదు. నాకేమీ అర్థం కాలేదు. శుక్రవారం నీ ఉత్తరం చదివి వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను.

నీకు అమ్మ ఎప్పుడైనా చెప్పిందో లేదో. ఇవాన్ పుట్టినప్పుడు బాలింత గదిలో నాకు చెప్పింది. తన చిన్నప్పుడు తాతతో కలిసి కోతలకి పోయేటప్పుడు దారిలో టీ హోటల్ ఉండేదట. మనవాళ్ల గ్లాసులు బయట చూరు కింద మేకులకి ఉండేవి. తీసుకుని పట్టుకుంటే హోటలాయన పైనుంచి పోసేవాడు, గ్లాసుకి తగలకుండా. తాగి, కడిగి, మళ్లీ అక్కడే బోర్లించాలి. ఒకరోజు అమ్మ పిల్లతనం కొద్దీ లోపలి బల్ల మీది గ్లాసు ముట్టుకుంటే, ఆయన ఏమీ అనకుండా ఆ గ్లాసు తీసి కాలవలోకి విసిరేశాడట. తాత అమ్మని కొట్టాడట. హోటలాయన కొడితే బావుండేదే అంది నాతో.

ఆ అమ్మకి నువ్వు ఎర్రచుక్క పెట్టిన గ్లాసు ఇచ్చావు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. నేను తువ్వాలు వేరు పెట్టమన్నాను, మనిషిని కాదు. ఇది కంచంతో రాదు. పక్కన కూర్చుంటే రాదు. సబ్బుతో గిన్నెలు కడిగితే చాలు. మందు పూర్తయింది, గడ్డ మానింది అన్నావు గురువారం ఫోనులో. మిడ్‌వైఫ్‌ని అడుగు, చేతులు కడుక్కుంటే అమ్మ నీళ్లు పోయొచ్చని ఆమే చెప్తుంది. పిల్లని అమ్మ చేతికివ్వు. ఆలస్యం చేయకు అక్కా.

సిరి


డునెడిన్
25 జూన్ 2006

సిరీ,

అమ్మ నాకెప్పుడూ ఆ సంగతి చెప్పలేదు. పెద్దదాన్ని, నాకు చెప్పకుండా నీకెందుకు చెప్పిందా అని ముందు అదే అనిపించింది. ఎంత పాపిష్టిదాన్నో చూడు.

నీ ఉత్తరం చదివి వంటింట్లోకి వెళ్లాను. అమ్మ టీ తాగి, సింక్ దగ్గర తన గ్లాసు కడుగుతోంది. కడిగి, గిన్నెల స్టాండులో పెట్టలేదు. కిటికీ తెరిచి, బయటి గట్టు మీద బోర్లించింది. నేను రోజూ అక్కడే పొద్దున్నే వంట చేస్తాను సిరీ, ఆ గ్లాసు బయట ఉంటోందని ఒక్కరోజు కూడా చూడలేదు. రాత్రి చలికి దాని అంచున మంచు పేరుకుని ఉండాలి, పొద్దున్నే మళ్లీ లోపలికి తెచ్చుకుని అందులోనే తాగుతోంది.

నేను కిటికీ తెరిచి ఆ గ్లాసు తీసి, నాకు టీ పోసుకుని తాగాను. అమ్మ చూస్తూ నిలబడింది. "హోటల్ సంగతి సిరి రాసిందమ్మా" అన్నాను. తప్పైపోయింది అన్నాను. అమ్మ నా తల నిమరబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అదేం లేదే ప్రభా. ఆ హోటలాయన కూడా చెడ్డోడేం కాదు. ఆయనకీ భయమే" అంది.

నన్ను కొట్టినా బావుండేది.

నువ్వు చెప్పినట్టే మిడ్‌వైఫ్‌ని అడిగాను. బాగా చేతులు కడుక్కుని పొయ్యనివ్వండి, ఏం కాదు అంది. లవ్లీకి అంతా చెప్పాను, గ్లాసు సంగతి కూడా. అది నెయిల్ పాలిష్ తుడిచే మందు తెచ్చి ఎర్రచుక్క తనే తుడిచేసింది. ఇవాళ ఆదివారం, నీళ్లు కాచాం. బాత్రూమ్‌లో తువ్వాలు పరిచాం. అమ్మమ్మా రా అంటే, మీరు పొయ్యండి, నేను ఇక్కణ్నుంచి చెప్తానులే అంది. రెండుసార్లు పిలిచాం. రాలేదు.

అప్పుడు లవ్లీ పిల్లని తీసుకెళ్లి, కిటికీ దగ్గర కూర్చున్న అమ్మ ఒళ్లో పడుకోబెట్టేసింది. "యూ హోల్డ్ హర్, అమ్మమ్మా" అని దూరంగా వచ్చి నిలబడింది.

అమ్మ రెండు చేతులూ పైకెత్తేసింది. పిల్లకి తగలకుండా, మొహం పక్కకి తిప్పుకుని, ఊపిరి కూడా పిల్ల మీద పడకుండా అలాగే కూర్చుంది. పిల్ల జారిపోకుండా మోకాళ్లు మాత్రం దగ్గరకి చేర్చింది. నేను చెప్పాను, లవ్లీ చెప్పింది, మిడ్‌వైఫ్ చెప్పిన మాట మళ్లీ చెప్పాను. చేతులు దించలేదు. చివరికి నేనే పిల్లని తీసుకున్నాను.

అమ్మ నా మాట నమ్మడం లేదు సిరీ. నీకు సెలవు దొరుకుతుందో లేదో నాకు తెలియదు. నువ్వు రా.

మీ అక్క